ఐదంగుళాల గేజి ఆవిరి ఇంజనుకి చక్రాలు టర్నింగ్ చేయడం ఎలా

ఇంట్లో చిన్న ఆవిరి ఇంజను కట్టేవాళ్లందరికీ బాయిలరంటే భయం. చక్రాల దగ్గరికొచ్చేసరికి "గుండ్రంగా తిప్పడమేగా" అనేస్తారు. తీరా పట్టాల మీద పెట్టాక ఇంజను కుంటుతూ, ఒక్కోచోట పట్టేస్తూ నడిచిందంటే లోపం ఎక్కువసార్లు చక్రాల్లోనే తేలుతుంది. మొదలుపెట్టే ముందే ఒక మాట మనసులో పెట్టుకోండి. చక్రం కొలత అర మిల్లీమీటరు తగ్గినా ఇంజను నడుస్తుంది. కలిసి తిరిగే ఆరు చక్రాలూ ఒకదానికొకటి సమానంగా లేకపోతే మాత్రం నడవదు. కింద చెప్పే సెట్టింగులూ, జిగ్గులూ అన్నీ ఆ సమానత కోసమే.

కొలతలు లెక్క కట్టడం

ఉదాహరణకి మన బ్రాడ్‌గేజి డబ్ల్యూపీ ఇంజను తీసుకుందాం. అసలు గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1676 మి.మీ., మనది 127 మి.మీ. భాగిస్తే 13.2 వస్తుంది. అంటే అన్నీ 13.2 వంతు చిన్నవి. డబ్ల్యూపీ డ్రైవింగ్ చక్రం 1700 మి.మీ. కాబట్టి మనకి 128.8. సిలిండరు స్ట్రోకు 28 అంగుళాలు, అందులో సగం 14 అంగుళాలు క్రాంకు దూరం (ఇరుసు మధ్య నుంచి క్రాంకు పిన్ను మధ్యకి), అది మనకి 26.95 మి.మీ. గూడ్స్ ఇంజను డబ్ల్యూజీ కడుతుంటే చక్రం 1562 మి.మీ. నుంచి 118.3కి దిగుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఐదంగుళాల గేజికి దొరికే బ్రిటిష్ డ్రాయింగులు 1435 మి.మీ. స్టాండర్డ్ గేజి ఇంజన్లవి. వాటి స్కేలు దాదాపు 11.3. ఆ డ్రాయింగులోంచి చక్రం, మన ఇంజను ఫొటోలోంచి బాడీ తీసుకుంటే రెండూ ఒకదానికొకటి నప్పవు. శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి గుణుపురం వెళ్లిన పాత 762 మి.మీ. చిన్నగేజి ఇంజన్లలాంటివి కట్టాలనుకుంటే లెక్క మరీ సులువు. సరిగ్గా ఆరో వంతు.

ఫ్లాంజిని (చక్రం పట్టా మీంచి జారకుండా ఆపే అంచుని) మాత్రం స్కేలుకి తగ్గించకూడదు. అసలు బ్రాడ్‌గేజి చక్రానికి ఫ్లాంజి ఎత్తు 28.5 మి.మీ. 13.2తో భాగిస్తే 2.2 వస్తుంది. తోటలో, డాబా మీద వేసిన ఎగుడుదిగుడు పట్టాల మీద 2.2 ఫ్లాంజి నిలవదు, ఎక్కేస్తుంది. అందుకే ఐదంగుళాల గేజికి వాడుకలో ఉన్న కొలతలు ఇవి:

చక్రం మొత్తం వెడల్పు 13.5 మి.మీ.
ఫ్లాంజి ఎత్తు 3.5, మందం 2.5
ఫ్లాంజి మొదట్లో వంపు రేడియస్ 1.5
ట్రెడ్ (పట్టా మీద దొర్లే ముఖం) వాలు 3 డిగ్రీలు
రెండు చక్రాల వెనక ముఖాల మధ్య దూరం 119.0

మీరు వేరేవాళ్ల ట్రాక్ మీద నడపబోతుంటే ముందు వాళ్ల పాయింట్ల దగ్గర (ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లే చోట) 119 సరిపోతుందో లేదో చూసుకోండి. చక్రాలు ఇరుసుకి అతికాక మార్చడం కష్టం.

పోత

చక్రానికి గ్రే కాస్ట్ ఐరనే మేలు. మన భాషలో బీడు. ఎఫ్‌జీ 200 గ్రేడు చాలు, 260 అయినా పరవాలేదు. విశాఖలో గాజువాక ఆటోనగర్, మర్రిపాలెం ఇండస్ట్రియల్ ఎస్టేట్ వైపు విచారిస్తే పోత పోసేవాళ్లూ, జాబ్‌వర్క్ లేత్‌లూ దొరుకుతాయి. మీరు ఇవ్వాల్సింది ప్యాటర్న్ ఒక్కటే. టేకుతో చేయించినా, త్రీడీ ప్రింటు తీసి పుట్టీ పెట్టి నున్నగా రుద్దినా మౌల్డర్‌కి తేడా లేదు.

ప్యాటర్న్‌కి మూడు కొలతలు కలపాలి. బీడు చల్లారేటప్పుడు నూటికి ఒక వంతు కుంచించుకుపోతుంది. మెషీనింగ్ చేసే ప్రతి ముఖానికీ 3 మి.మీ. వదలాలి. ఇసుకలోంచి ఊడి రావడానికి 2 నుంచి 3 డిగ్రీల వాలు ఉండాలి. ఫ్లాంజితో కలిపి తయారైన చక్రం 136 మి.మీ. అనుకుంటే, రెండు వైపులా 3 చొప్పున 142, కుంచించుకుపోయే వంతు కలిపితే 143.4. ఆకులకి మెషీనింగ్ లేదు కాబట్టి వాటికి కుంచింపు లెక్క ఒక్కటే. స్పోకు అనే మాటకి మన బండి చక్రంలో ఆకు అనే మాట ఎప్పట్నుంచో ఉంది, లేత్ దగ్గర కూడా అర్థమవుతుంది.

ఆరు కావాలంటే ఎనిమిది పోయించండి. ఒకదాంట్లో బ్లోహోల్ (లోపలి గాలి బుడగ గుంట) బయటపడుతుంది, ఇంకొకదాని మీద మీరు చేయి అలవాటు చేసుకుంటారు. మళ్లీ ఒక్కదాని కోసం పోత వేయించుకోవడం నసగా ఉంటుంది.

పోత చేతికి రాగానే ప్రతిదాని మీదా పాత ఆకురాయి గీసి చూడండి. ఆకురాయి జారిపోతూ గాజు మీద గీసినట్టుంటే ఆ చోట చిల్ పట్టిందన్నమాట. సన్నటి ఫ్లాంజి అంచు త్వరగా చల్లారి అలా గట్టిపడుతుంది. దాని మీద హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) టూల్ నిలవదు. కొంచెం గట్టిగా ఉంటే ఎర్రగా కాల్చి, గంటకు పైగా ఆ వేడిలోనే ఉంచి, బూడిదలో పూడ్చి తెల్లారేదాకా వదిలేస్తే మెత్తబడుతుంది. బాగా చిల్ పట్టినదానికి 900 డిగ్రీలు దాటాలి, అది ఇంటి కుంపటితో అయ్యే పని కాదు. దాన్ని పక్కన పడేయడమే నయం.

మొదటి పట్టు: వెనక ముఖం, బోరు

సెంటర్ నుంచి బెడ్‌కి కనీసం 80 మి.మీ. ఎత్తున్న లేత్, ఫోర్ జా చక్ (నాలుగు దవడలతో జాబ్‌ని పట్టేది) కావాలి. ట్రెడ్‌ని జాలతో పట్టుకుని, ఫ్లాంజి వైపు బయటికి వచ్చేలా బిగించండి. పోతకి వాలు ఉంది కాబట్టి బిగించేకొద్దీ జాబ్ చక్‌లోంచి బయటికి తోసుకొస్తుంది. జాలకీ ట్రెడ్‌కీ మధ్య ఎమరీ పేపరు ముక్క గరుకు వైపు జాబ్‌కి తగిలేలా పెడితే జారదు.

సెంటర్ చూడాల్సింది బయటి అంచుతో కాదు, రిమ్ లోపలి అంచుతో. బయట అంతా మీరు కోసేస్తారు. రిమ్ లోపలి అంచు మాత్రం పోసింది పోసినట్టే ఉండిపోతుంది. దాన్ని పట్టించుకోకపోతే చక్రం తిరిగేటప్పుడు రిమ్ ఒకవైపు మందంగా, ఒకవైపు సన్నగా ఊగుతున్నట్టు కనిపిస్తుంది. టూల్‌పోస్టుకి ఒక తీగ ముక్క కట్టి, చక్ చేత్తో తిప్పుతూ నాలుగు జాలూ సర్దండి. పోత ముఖం మీద డయల్ (సన్నటి తేడాల్ని ముల్లుతో చూపే గేజి) పెట్టి సాధించేది ఏమీ లేదు.

స్పీడు విషయంలో చేయి తొందరపడుతుంది. హెచ్‌ఎస్‌ఎస్ టూల్‌తో బీడుకి నిమిషానికి 20 మీటర్లు. 142 మి.మీ. వ్యాసానికి అది 45 ఆర్‌పీఎం మాత్రమే, అంటే బ్యాక్ గేర్ వేయాల్సిందే. కె20 గ్రేడు కార్బైడ్ అయితే 130, 140 ఆర్‌పీఎం దాకా పోవచ్చు. మొదటి కట్టు (కోత) లోతుగా, 1.5 నుంచి 2 మి.మీ. వేయండి. పోత పైపొరలో ఇసుక ఉంటుంది. భయపడి 0.3 తీస్తే టూల్ మొన ఆ ఇసుకలోనే తిరిగి నిమిషంలో మొద్దుబారుతుంది. మొన ఆ పొర కిందికి దిగాలి. నీళ్లూ, నూనే అక్కర్లేదు, బీడు పొడిగానే తెగుతుంది.

ఆ నల్ల పొడి బెడ్ మీద పడితే సానపెట్టినట్టు అరగదీస్తుంది. బెడ్ మీద అట్టముక్క పరచండి. గుడ్డ వద్దు, చక్‌కి చుట్టుకుంటుంది. ముక్కుకి మాస్కు పెట్టుకోండి, చేతికి గ్లవ్స్ మాత్రం తొడగకండి.

రిమ్ వెనక ముఖం, మధ్యలోని బాస్ (ఇరుసు దూరే మందపాటి భాగం) వెనక ముఖం రెండూ ఒకే మట్టానికి ఫేసింగ్ చేయండి, అంటే చదునుగా కోయండి. తర్వాత ఇరుసు భుజం బాస్‌కి ఆనినప్పుడు వెనక ముఖాల దూరం దానంతటదే 119 రావాలంటే ఈ రెండూ ఒకే మట్టంలో ఉండాలి. ఫ్లాంజి బయటి వ్యాసం 136.5కి తెచ్చి ఆపండి.

ఇదే పట్టులో బోరు. సెంటర్ డ్రిల్, తర్వాత 12 మి.మీ. డ్రిల్, తర్వాత బోరింగ్ బార్‌తో 13.8, చివరికి 14 మి.మీ. రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకి నున్నగా తెచ్చేది). బోరింగ్ బార్ మెట్టు దాటేసి డ్రిల్ మీద నేరుగా రీమర్ వేస్తే రీమర్ డ్రిల్ పోయిన దారినే పోతుంది, దాన్ని సరిచేయదు. డ్రిల్ పోతలోని గట్టి చోటు తగిలితే పక్కకి ఒరుగుతుంది. రీమర్‌ని పొడిగా, నెమ్మదిగా పంపండి. వెనక్కి తీసేటప్పుడు చక్ ఉల్టా తిప్పకూడదు.

ఎనిమిదింటికీ ఈ పని పూర్తయ్యాకే తర్వాతి దానికి వెళ్లండి.

రెండో పట్టు: చక్రాలన్నీ ఒకే కుర్చీ మీద

128 మి.మీ. వ్యాసం, 20 మి.మీ. మందం ఉన్న ఎంఎస్ (మైల్డ్ స్టీల్) బిళ్ల తీసుకుని త్రీ జా చక్‌లో గట్టిగా బిగించి, ముఖం ఫేసింగ్ చేసి, మధ్యలో 13.99 మి.మీ. వ్యాసం, 10 మి.మీ. పొడవు ఉన్న మొటిమ వచ్చేలా తిప్పండి. మొటిమకి ఎం8 ట్యాప్. బాస్ ఆనే నడిమి భాగం, రిమ్ ఆనే అంచు వదిలేసి మధ్యలో అర మిల్లీమీటరు లోతున గాడి తీయండి. బిళ్లలో ఆకుల సందులోంచి వచ్చేలా 8 మి.మీ. పెగ్గు ఒకటి బిగించండి. వాషరూ, బోల్టూ బిగించినంత మాత్రాన చక్రం జారకుండా ఉండదు. కట్టు బరువు ఈ పెగ్గు మీద పడాలి.

ఈ బిళ్లని ఆరు చక్రాలూ అయ్యేదాకా చక్‌లోంచి తీయకూడదు. తీసి మళ్లీ పెడితే మొటిమ సెంటర్ తప్పుతుంది. అందుకే జాబ్‌వర్క్‌కి ఇచ్చేటప్పుడు "ఆరూ ఒకే సెట్టింగ్‌లో, ఒకే రోజున" అని ముందే చెప్పండి. ఇవాళ రెండు, రేపు రెండు అంటే ఒప్పుకోకండి. మధ్యలో వేరే జాబ్ ఎక్కిందంటే మీ బిళ్ల దిగిందన్నమాటే.

చక్రం ముందు వైపు బయటికి వచ్చేలా బిళ్ల మీద బిగించి రిమ్‌ని 13.5 వెడల్పుకి, బాస్‌ని 15కి ఫేసింగ్ చేయండి. ఆ తర్వాత ట్రెడ్‌ని 129.5 దాకా రఫ్ చేసి దించేయండి. మిగతా అన్నీ ఇదే స్థితికి తెండి.

ఇప్పుడు ఫినిషింగ్. ముక్కు రేడియస్ 1.5 మి.మీ. ఉండేలా టూల్‌ని కొత్తగా సానపెట్టి, ఆయిల్ స్టోన్ మీద రుద్దండి. ఈ ముక్కే ఫ్లాంజి మొదట్లో వంపుని కూడా ఇస్తుంది, దానికి విడిగా ఫారం టూల్ అక్కర్లేదు. కాంపౌండ్ స్లైడ్‌ని (టూల్‌ని కోణంలో నడిపే పై స్లైడ్‌ని) 3 డిగ్రీలు తిప్పండి, టూల్ ఫ్లాంజి వైపు వెళ్లేకొద్దీ సెంటర్‌కి దూరం జరిగేలా. కాంపౌండ్ మీది డిగ్రీల గీతల్ని నమ్మకండి. మొటిమ పక్కన నున్నటి ఇరుసు రాడ్డు పట్టి డయల్ ఆనించి కాంపౌండ్‌ని 10 మి.మీ. నడిపితే డయల్ 0.52 చూపించాలి.

క్యారేజి లాక్ చేయండి. మొదటి చక్రాన్ని కాంపౌండ్‌తోనే ఫీడ్ ఇస్తూ 128.8కి తెచ్చాక క్రాస్ స్లైడ్ కూడా లాక్ చేయండి. ఇకనుంచి దాన్ని ముట్టుకోకూడదు. చక్రం మార్చడం, కాంపౌండ్ వెనక్కి తెచ్చి మళ్లీ ముందుకి నడపడం, అంతే. ట్రెడ్ వాలుగా ఉంది కాబట్టి కొలిచే చోటు మారితే కొలతా మారుతుంది. ఎప్పుడూ ఫ్లాంజి వంపు అయిపోయిన చోటే కొలవండి. బిళ్లకీ చక్రానికీ మధ్య చిన్న రజను ఇరుక్కున్నా చక్రం వంకరగా కూర్చుని ఊగుతుంది, కాబట్టి ప్రతి చక్రానికీ ముందు బిళ్ల ముఖాన్ని బొటనవేలితో తడిమి చూడండి, గుడ్డ కన్నా వేలికే బాగా తెలుస్తుంది.

ఆరోది అయ్యాక మొదటిదాన్ని మళ్లీ బిగించి టూల్‌ని దాని మీద ఒకసారి నడపండి. టూల్ దానికి తగలకుండా పోతే ఆరింటి మధ్యలో టూల్ అరిగిందన్నమాట. వ్యాసంలో తేడా 0.05 లోపల ఉంటే వదిలేయండి. దాటితే టూల్ సానపెట్టి, 0.1 ఎక్కువ కట్టు ఇచ్చి ఆరింటినీ మళ్లీ తీయండి. అన్నీ 128.6 అయినా బాధ లేదు. ఒకటి 128.8, ఒకటి 128.6 అయితే చిన్నది ప్రతి చుట్టులోనూ పట్టా మీద ఈడ్చుకుపోతుంది, చక్రాల్ని కలిపే కప్లింగ్ రాడ్డు దాన్ని లాగుతూనే ఉంటుంది.

ట్రెడ్ మీద వాన చినుకుల్లాంటి గీతలు వస్తే అది చాటర్, అంటే టూల్ అదురు. స్పీడు సగానికి తగ్గించి చూడండి. పోకపోతే టూల్ బయటికి ఎక్కువ చాపారేమో, కాంపౌండ్ గిబ్ వదులుగా ఉందేమో చూడండి. చివరికి ఫ్లాంజి 136.0కి తెచ్చి, కొసని ఆకురాయితో 1 మి.మీ. గుండ్రం చేయండి. వెనక అంచుకి కూడా కొంచెం వాలు ఇస్తే పాయింట్ల దగ్గర తగులుకోదు. లేత్ తిరుగుతుండగా ఆకురాయి పట్టేటప్పుడు పిడి ఎడమ చేత్తో పట్టుకోండి, కుడి చేత్తో పడితే ఎడమ మోచేయి చక్ మీదికి వెళ్తుంది.

ఉప్పు గాలి

ఇది విశాఖ వాళ్లకే చెప్పాల్సిన ముచ్చట. ఆషాఢం నుంచి కార్తీకం దాకా సముద్రపు గాలికి, వాన తేమకి అప్పుడే తిప్పిన బీడు ముఖం రాత్రికి రాత్రే చిలుము పడుతుంది. చెమట చేతి వేలిముద్ర కూడా తుప్పుగా అచ్చుపడుతుంది. ప్రతి చక్రం లేత్ నుంచి దిగగానే స్పిండిల్ ఆయిల్ రాసి, కాగితంలో చుట్టి మూతున్న డబ్బాలో పెట్టండి. అయితే లాక్‌టైట్ (చక్రాన్ని ఇరుసుకి అతికే జిగురు) వేసే ముందు ఈ నూనె అంతా ఎసిటోన్‌తో పూర్తిగా పోవాలి, బోరులో కూడా.

క్రాంకు పిన్ను రంధ్రం

25x12 ఎంఎస్ పట్టీకి రెండు రంధ్రాలు వేయండి. ఒకదాంట్లో చక్రం బోరులోకి దూరే 14 మి.మీ. పిన్ను, దానికి 26.95 దూరంలో డ్రిల్ బుష్. ఇదే జిగ్. పట్టీ మధ్యలో గీసిన గీతని క్రాంకు బాస్ మధ్య గీతతో కలిపి, క్లాంపు చేసి 7.8 డ్రిల్, తర్వాత 8 రీమర్. జిగ్ దూరం 27.05 వచ్చినా పనికొస్తుంది, ఆరింటికీ అదే వస్తుంది కాబట్టి. మధ్యలో జిగ్ పాడై రెండోది చేయాల్సి వస్తే ఆరు చక్రాలూ మళ్లీ మొదలెట్టాల్సిందే.

ఇరుసు

ఈఎన్8 బ్రైట్ బార్, 16 మి.మీ. రెండు కొసలా 14 సీటు. సీటు వ్యాసం 13.98 ఉంటే లాక్‌టైట్ నిలవడానికి సరిపడా సందు వస్తుంది. భుజానికీ భుజానికీ దూరం 119.0. మూడు ఇరుసులకీ ఈ దూరం సమానంగా రావడానికి సెంటర్ల మధ్య తిప్పండి. బిగుతుగా ప్రెస్ చేద్దామని సీటు పెద్దది చేస్తే బీడు బాస్ పగులుతుంది. ఆ పగులు పెయింటు కింద దాక్కుని ఇంజను నడిచే రోజున బయటపడుతుంది.

క్వార్టరింగ్

కుడి క్రాంకు, ఎడమ క్రాంకు 90 డిగ్రీల తేడాలో ఉండాలి. లేకపోతే రెండు సిలిండర్లూ ఒకేసారి డెడ్ సెంటర్‌లో (పిస్టను స్ట్రోకు కొసన ఉండి క్రాంకుని తిప్పలేని చోట) ఆగి ఇంజను కదలనంటుంది. అయితే 90 అంటే 90 కాక 89.5 అయినా సమస్య కాదు. మూడు ఇరుసులూ ఒకే 89.5 కావాలి.

వంటింటి గట్టు చేయించగా మిగిలిన గ్రానైట్ పలక మీద రెండు వీ బ్లాకులు ఎత్తు మీద క్లాంపు చేయండి, ఇరుసు సెంటర్ పలకకి 80 మి.మీ. ఎత్తులో ఉండేలా. ముందు 200 మి.మీ. పొడవున్న 16 మి.మీ. రాడ్డు పెట్టి, కుడివైపు చక్రం ముందుకి వచ్చే చోట యాంగిల్ ప్లేటుని రాడ్డుకి నిలువునా ఆనించి బిగించేయండి. ఎడమవైపు 75.0 ఎత్తున్న బ్లాకు పెట్టండి. రాడ్డు తీసేయండి.

ఎడమ చక్రాన్ని లాక్‌టైట్ 638తో ముందురోజే అతికించి ఉంచాలి. ఇరుసుని వీ బ్లాకుల్లో పెట్టి, ఎడమ క్రాంకు పిన్ను, దాని వ్యాసం 10 అయితే, 75 బ్లాకు మీద ఆనేలా తిప్పండి. అది సరిగ్గా అడ్డంగా ఉంది. ఇప్పుడు కుడి చక్రం. దీనికి 638 వాడకండి, నాలుగైదు నిమిషాల్లో పట్టేస్తుంది, సర్దుకునే వ్యవధి ఉండదు. 620 నెమ్మదిగా పడుతుంది. సీటు చుట్టూ సన్నగా రాసి, చక్రాన్ని మెలితిప్పుతూ భుజానికి ఆనేదాకా తోసి, పిన్నుకీ యాంగిల్ ప్లేటుకీ మధ్య 3 మి.మీ. డ్రిల్ షాంకు సరిగ్గా పట్టేలా తిప్పండి. రాడ్డు సగం 8, పిన్ను సగం 5, తేడా 3, అదే లెక్క. ఒక రోజంతా ముట్టుకోకండి.

డ్రైవింగ్ ఇరుసుకి అదనంగా, సీటూ బాసూ కలిసే గీత మీద 3 మి.మీ. పిన్ను వేయడం మంచిది. డ్రిల్ ఉక్కుని వదిలి మెత్తటి బీడు వైపు ఒరుగుతుంది కాబట్టి ముందు 2 మి.మీ. డ్రిల్‌తో నెమ్మదిగా వేసి, తర్వాత పెద్దది చేయండి. పొరపాటుగా అతికితే 250 డిగ్రీల పైన కాస్తే లాక్‌టైట్ వదిలేస్తుంది, చక్రం పాడవదు.

పరీక్ష

ఇరుసుని సెంటర్ల మధ్య పెట్టి డయల్‌తో చూడండి. ట్రెడ్ మీద 0.05, వెనక ముఖం మీద 0.1 లోపల ఉండాలి. తర్వాత ఫ్రేములో బిగించి, ఒక్క వైపు కప్లింగ్ రాడ్లు మాత్రమే వేసి చేత్తో తిప్పండి. ముందు, వెనక రెండు డెడ్ సెంటర్ల దగ్గరా పట్టేస్తుంటే రాడ్డు పొడవుకీ ఇరుసుల దూరానికీ తేడా ఉంది. రాడ్డు వదులుగా తొడిగి చూసినప్పుడు బుష్ ముందు డెడ్ సెంటర్‌లో ఒక వైపుకి, వెనక దాంట్లో ఎదురు వైపుకి నొక్కుతుంటే క్రాంకు దూరాలు సమానంగా లేవు. ఆ వైపు తీసి రెండో వైపు రాడ్లు వేసి ఇలాగే చూడండి. విడివిడిగా రెండు వైపులా హాయిగా తిరిగి, రెండూ కలిపి వేస్తే పట్టేస్తుంటే అది క్వార్టరింగ్ తప్పు. రాడ్డు బుష్‌ని ఆకురాయితో గీకి సరిపెట్టకండి. ఏ ఇరుసు రాడ్డు తీస్తే మిగతావి వదులవుతున్నాయో కనిపెట్టి, దాని కుడి చక్రాన్ని కాచి తీసి, అదే జిగ్ మీద మళ్లీ అతికించండి.